లాగుడు లారీకి డీజిలు పంపు ఎన్నిక – ఒక పరిశీలన

ప్రస్తావన

నల్లరేగడి నేల పైరుకు తల్లి, బండికి మాత్రం సవతి తల్లి. ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల నడుమ గల పెద్దకడుబూరు ప్రాంతం అధికభాగం ఇట్టి నేలయే. పత్తి తీసే కాలంలో ఒక గట్టి వాన కురిసిందంటే, మరునాడు ఆదోని మార్కెట్ యార్డుకు బయలుదేరిన బండ్లలో ఒకటి రెండైనా ఇరుసుల దాకా దిగబడక మానవు. వేసవిలో బండ్ల కష్టం వేరు. ఎండ నలుబది డిగ్రీలు దాటిన వేళ, నిండు బరువుతో ఎత్తెక్కుతూ ఇంజను ఆగిపోయిన లారీలు దారి ప్రక్కన కనిపిస్తూనే ఉంటాయి. ఇట్టి బండ్లను ఇనుప గొలుసుతోనో, కడ్డీతోనో కట్టి ఊరు చేర్చే బండినే మన ప్రాంతంలో బ్రేక్‌డౌన్ లారీ అంటారు. పదిమంది కష్టం తీర్చే ఆ బండికే కష్టం వస్తే దానిని లాగేదెవరు?

మా పూర్వ విద్యార్థి ఒకరు పెద్దకడుబూరులో అట్టి లారీ ఒకటి నడుపుతున్నారు. బండి పాతది, ఆరు సిలిండర్లది. ఒక వేసవిలో దాని బలం తగ్గగా, ఒక వర్క్‌షాపులో పంపు సీలు తెంచి, మరలు త్రిప్పి, ఇంధనం ఎక్కువ పోయేట్లు చేశారు. మూడు మాసాలు బండి ఏనుగువలె లాగినది. వెంట నల్లని పొగ కూడా అంతే ధారాళంగా వెలువడినది. నాలుగవ మాసంలో ఒక పిస్టన్ తల కరిగిపోయినది. ఇంట్లోని బంగారం తాకట్టుపెట్టి ఇంజను బాగు చేయించుకున్నారు. మరుసటి వేసవిలో, చీకటి పడినవేళ, పత్తి లారీని వెనుక కట్టుకొని ఎత్తెక్కుతుండగా ఇంజను మరల సొలసి ఆగినది. రెండు బండ్లూ కొన్ని అడుగులు వెనుకకు జారినవి. క్లీనరు కుర్రవాడు పరుగున దిగి చక్రాల క్రింద రాళ్లు పెట్టినందున ప్రాణాపాయం తప్పినది.

ఆ మరునాడు ఆయన మా వద్దకు వచ్చి, “సార్, అందరూ పంపు మార్చమంటున్నారు. ఒకరు ఇంకా పెద్ద పంపు వేయమంటారు, ఒకరు గుజిరీ అంగడిలో చవకగా దొరుకుతుందంటారు. నేనేమి చేయాలి?” అని అడిగారు. మేము భౌతికశాస్త్రం బోధించేవారమే గాని పానా పట్టినవారము కాము. అయినను ఆ ప్రశ్న మమ్ములను వదలలేదు. కొందరు విద్యార్థులను వెంటబెట్టుకొని పంపులు బాగుచేసే ఉస్తాదులను ఆశ్రయించి, పుస్తకాలు తిరగవేసి మేము నేర్చుకొన్న దానిని ఈ వ్యాసంలో పాఠకుల ముందుంచుతున్నాము.

పంపు పుట్టుక

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. సిలిండరులోని గాలిని పిస్టన్ గట్టిగా అదిమినప్పుడు ఆ గాలి మిక్కిలి వేడెక్కుతుంది. ఆ వేడిగాలిలోనికి ఇంధనాన్ని సన్నని తుంపరగా చిమ్మితే దానంతట అదే మండుతుంది. ఈ సూత్రాన్ని రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1890 దశకంలో రూపొందించి, 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో సఫలమైన ఇంజనును నడిపి చూపాడు.

మన జిల్లా రైతులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటి ఇక్కడ చెప్పవలెను. 1900లో పారిస్ మహాప్రదర్శనలో చిన్న డీజిల్ ఇంజను ఒకటి వేరుశనగ నూనెతో నడిచినది. మనం గానుగలో ఆడించే నూనెయే ఆనాడు యంత్రానికి ఆహారమైనది.

తొలినాటి ఇంజనులలో ఇంధనాన్ని లోనికి చిమ్మడానికి అధిక పీడనం గల గాలిని వాడేవారు. ఆ గాలి కొరకు పెద్ద కంప్రెసరు కావలసి వచ్చేది. అందుచేత డీజిల్ ఇంజను ఫ్యాక్టరీలకు, ఓడలకు పరిమితమైనదే గాని రోడ్డు మీదికి రాలేకపోయినది. ఇంధనాన్నే నేరుగా అధిక పీడనంతో కొలిచి పంపగల చిన్న పంపు అవసరమైనది. జర్మనీలోని రాబర్ట్ బాష్ సంస్థ 1922లో ఈ పనికి పూనుకొని, 1927లో అట్టి పంపులను పెద్ద సంఖ్యలో తయారుచేయడం ప్రారంభించినది. డీజిలు లారీ లోకమంతటా వ్యాపించడానికి ఆ చిన్న పంపు ఒక ముఖ్య కారణం.

మన దేశంలో 1951లో బెంగుళూరులో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ స్థాపితమైనది. లారీ డ్రైవర్లందరికీ ‘మైకో’గా పరిచితమైన ఈ సంస్థ 2008లో బాష్ లిమిటెడ్ అనే పేరు ధరించినది. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా వారు డైమ్లర్-బెంజ్ సంస్థ సహకారంతో డీజిలు లారీల తయారీకి ఉపక్రమించారు. లారీలు పెరిగినకొలది పంపులు బాగుచేసే వృత్తి కూడా పట్టణ పట్టణానా వెలసినది.

రెండు పంపులు, రెండు పనులు

‘పంపు పోయింది’ అనే మాట మనం తరచుగా వింటాము. ఏ పంపు అని అడిగేవారు అరుదు. పాత లారీలో పంపులు రెండు. వాటి పనులు వేరు, పోకడలు వేరు.

మొదటిది ఫీడ్ పంపు. ట్యాంకులోని డీజిలును పీల్చి, ఫిల్టరు గుండా రెండవ పంపునకు అందించడం దీని పని. ఇది పుట్టించే పీడనం స్వల్పం, సుమారు ఒకటి రెండు వాతావరణ పీడనాలు మాత్రమే. ఇంజను మండించే దానికన్నా ఎక్కువ డీజిలునే ఇది సరఫరా చేయవలెను. మిగిలిన డీజిలు తనతోబాటు వేడిని, గాలిబుడగలను తీసుకొని తిరుగు గొట్టం ద్వారా ట్యాంకు చేరుతుంది.

రెండవది ఇంజెక్షన్ పంపు. దీనినే మెకానిక్కులు ‘పెద్ద పంపు’ అంటారు. వరుస పంపులో ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క ఎలిమెంటు ఉంటుంది. ఎలిమెంటు అనగా ఒక ఉక్కు గొట్టం, దానిలో పైకి క్రిందికి కదిలే ఒక ఉక్కు కడ్డీ. క్రింద ఉన్న క్యామ్ ఆ కడ్డీని పైకి నెట్టగా డీజిలు సన్నని ఇనుప పైపు గుండా నాజిల్ చేరి, సుమారు రెండువందల వాతావరణ పీడనాల వద్ద దానిని తెరచుకొని సిలిండరులోనికి దూకుతుంది. కడ్డీ మీద ఏటవాలుగా చెక్కిన గాడి ఒకటి ఉంటుంది. డ్రైవరు యాక్సిలరేటరు త్రొక్కినప్పుడు ర్యాక్ అనే పళ్లకడ్డీ జరిగి, ఎలిమెంటు కడ్డీని కొద్దిగా త్రిప్పుతుంది. గాడి ఏ స్థానంలో ఉన్నదనే దానిని బట్టి పోయే డీజిలు పరిమాణం మారుతుంది. వేగం హద్దు మీరకుండ, ఖాళీగా నడిచేటప్పుడు ఇంజను ఆగిపోకుండ కాపాడే భాగం పేరు గవర్నర్.

ఆ గొట్టానికీ కడ్డీకీ నడుమ ఉండే సందు మిల్లీమీటరులో వెయ్యో వంతులు రెండో మూడో మాత్రమే. మన తల వెంట్రుక మందంలో అది సుమారు ఇరవయ్యో వంతు. ఆ రెండింటినీ జంటగానే అరగదీసి తయారుచేస్తారు. ఒక జంటలోని కడ్డీని మరొక జంటలోని గొట్టంలో వేయరాదు. ఇంత సున్నితమైన సందులోనికి చిటికెడు దుమ్ము, ఒక్క నీటిబొట్టు చేరినా ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

లాగుడుకు ఒక లెక్క

సామాన్య లారీకీ లాగుడు లారీకీ భేదమేమి? దీనికి సమాధానం తరగతి గదిలో మనం చేసే లెక్కలోనే ఉన్నది.

పది టన్నుల లారీ ఒకటి, ఇరువది అడుగులకు ఒక అడుగు లేచే ఎత్తును గంటకు 18 కిలోమీటర్ల వేగంతో, అనగా సెకనుకు 5 మీటర్ల చొప్పున ఎక్కుతున్నదనుకొందాం. ఎత్తు కొరకు బరువులో ఇరవయ్యో వంతు, అనగా అర టన్ను బలం కావలెను. చక్రాల దొర్లుడు నిరోధం బరువులో నూటికి ఒకటిన్నర వంతు అనుకొంటే అది 0.15 టన్ను. మొత్తం 0.65 టన్ను. ఈ బలంతో ఆ వేగాన నడవడానికి కావలసిన సామర్థ్యం సుమారు 32 కిలోవాట్లు, అనగా 43 హార్స్‌పవర్.

ఇప్పుడు అదే లారీ వెనుక 12 టన్నుల మరొక లారీని కట్టుదాము. మొత్తం బరువు 22 టన్నులు. ఎత్తుకు 1.1 టన్నులు, దొర్లుడుకు 0.33 టన్ను, వెరసి 1.43 టన్నుల బలం. సామర్థ్యం 70 కిలోవాట్లు, అనగా 95 హార్స్‌పవర్. గేర్లలో, ఇరుసులో నూటికి పదిహేను వంతులు వ్యర్థమగునని లెక్కిస్తే ఇంజను 82 కిలోవాట్లు, సుమారు 112 హార్స్‌పవర్ ఇవ్వవలసి ఉన్నది. నూటఇరువది హార్స్‌పవర్ ఇంజనుకు ఇది దాదాపు తుది హద్దు. రేగడి బురదలో దొర్లుడు నిరోధం దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది.

ఇక పంపు వంతు. ఒక కిలోవాటు సామర్థ్యాన్ని గంటసేపు ఇవ్వడానికి ఇంజను సుమారు 230 గ్రాముల డీజిలును మండిస్తుందనుకొంటే, ఈ ఎత్తు మీద గంటకు సుమారు 19 కిలోలు, అనగా 23 లీటర్ల ఖర్చు. ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతున్నప్పుడు పంపు అందులో సగం, అనగా 1000 చుట్లు తిరుగుతుంది. ఆరు సిలిండర్లకు నిమిషానికి 6000 చిమ్ములు, గంటకు 3,60,000 చిమ్ములు. ఇరువది మూడు లీటర్లను ఇన్ని భాగాలు చేస్తే ఒక్కొక్క చిమ్ముకు వచ్చేది సుమారు 64 ఘన మిల్లీమీటర్లు. ఒక నీటిబొట్టు కంటె కొంచెం ఎక్కువ!

ఇరువది రెండు టన్నుల బరువును కొండకెక్కించేది ఈ ఒక్క బొట్టు. ఆ బొట్టులో పదవ వంతు తగ్గినా బండి సొలుస్తుంది. పదవ వంతు పెరిగినా ప్రమాదమే. ఎందుకనగా ఒక కిలో డీజిలు పూర్తిగా మండడానికి సుమారు పద్నాలుగున్నర కిలోల గాలి కావలెను. ఆచరణలో, పొగ లేకుండ మండడానికి అంతకన్నా ఎక్కువే కావలెను. పంపు డీజిలును పెంచగలదే గాని గాలిని పెంచలేదు. గాలి చాలని డీజిలు నల్లని పొగగా పోతుంది. ఎగ్జాస్టు వేడి పెరిగి పిస్టన్ తలలు, వాల్వులు దెబ్బతింటాయి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్లు, అట్టి ఇంజను మేత మేస్తుంది గాని దారి సాగదు.

సామాన్య లారీ ఈ హద్దును ఎప్పుడో ఒకసారి, కొద్ది నిమిషాలు మాత్రమే తాకుతుంది. లాగుడు లారీకి ఆ హద్దే నిత్యవాసం. వేగం తక్కువ కనుక రేడియేటరుకు ఎదురుగాలి తక్కువ. ఎండకు, తిరుగు గొట్టంలోని వేడికి ట్యాంకులోని డీజిలు కాగుతుంది. కాగిన డీజిలు పలుచనవుతుంది. పలుచనైన డీజిలు అరిగిన ఎలిమెంటు సందు గుండా జారిపోతుంది. అందుచేత ఉదయం చక్కగా లాగిన బండి మధ్యాహ్నం ఎత్తు మీద చతికిలబడుతుంది.

నేరం పంపుదేనా?

ఎద్దు ఈనిందంటే గాటన కట్టివేయమన్నట్లు, బలం తగ్గినదనగానే పంపు మార్చమనడం మనలో పరిపాటి. నేరం రుజువు కాకుండ శిక్ష విధించడం న్యాయం కాదు. ఉస్తాదుల వద్ద మేము తెలుసుకొన్న విచారణ క్రమం ఇది.

ముందుగా ట్యాంకు నుండి బయలుదేరవలెను. ట్యాంకు మూతలోని గాలిరంధ్రం మూసుకొనిపోతే డీజిలు రాదు. ట్యాంకు అడుగున చేరిన నీరు, మట్టి పీల్పు గొట్టాన్ని అడ్డుకొంటాయి. పల్లెల్లో డ్రమ్ములలో నిలువచేసి పోసే డీజిలులో ఈ నీరు మరింత ఎక్కువ.

రెండవది గాలి. ఫీడ్ పంపుకు ముందున్న గొట్టంలో పీల్పు ఉంటుంది కనుక అక్కడ చిన్న సందు ఉన్నా డీజిలు బయటకు కారదు, గాలి లోనికి పోతుంది. అందుకే కంటికి ఏ లోపమూ కనబడదు. ఒక అరిగిన రాగి వాషరు చాలు, ఇంజను ‘ఎయిర్ పట్టడానికి’. గాలి అదిమితే అణగుతుంది, డీజిలు అణగదు. ఎలిమెంటులో గాలి చేరితే క్యామ్ నెట్టిన నెట్టుడంతా ఆ గాలిని అదమడానికే వ్యయమై, నాజిల్ తెరచుకోదు. పారదర్శకమైన గొట్టం ముక్క ఒకటి తాత్కాలికంగా అమర్చి చూస్తే బుడగలు కనిపిస్తాయి.

మూడవది ఫిల్టరు. నాలుగవది ఫీడ్ పంపు. ఫిల్టరు తరువాత పీడనం చూపే మీటరు తగిలించి, ఇంజను నిండు బరువు మీద ఉన్నప్పుడు సూది ఎక్కడ నిలుస్తుందో గమనించవలెను. ఖాళీ ఇంజను మీద చూసి బాగున్నదనుట మోసపోవుటయే. ఎత్తు మీద సూది పడిపోతే నేరం ఫీడ్ వైపుది, పెద్ద పంపుది కాదు.

ఐదవది గాలి ఫిల్టరు. పత్తి నూగు, రేగడి దుమ్ము పట్టి అది మూసుకొంటే పంపు సరిగా ఉన్నా నల్లపొగ వస్తుంది. ఆరవది నాజిళ్లు. వీటిని పరీక్షా యంత్రం మీద పెట్టి తెరచుకొనే పీడనం, తుంపర ఆకారం చూడవలెను. తుంపరకు ఎదురుగా చేయి పెట్టరాదు. ఆ పీడనంలో డీజిలు చర్మాన్ని దూసుకొని లోనికి పోతుంది. నొప్పి తక్కువగా ఉన్నా అది వెంటనే శస్త్రవైద్యునికి చూపవలసిన గాయం.

ఇవన్నీ సరిగా ఉండి, వేడెక్కిన ఇంజను సెల్ఫ్‌కు అందుకోకపోవడం, చల్లారగానే అందుకోవడం, మధ్యాహ్నమే బలం తగ్గడం కనబడితే అప్పుడు ఎలిమెంట్ల అరుగుదలను అనుమానించవచ్చు. పంపు మీద తడిగుడ్డ వేయగానే ఇంజను అందుకొనుట ఒక సూచన. సూచన సాక్ష్యం కాదు. సాక్ష్యం చెప్పవలసినది పంపులను పరీక్షించే బెంచి.

ఎన్నికలో పాటించవలసిన సూత్రాలు

పంపు నేరం రుజువైన పిమ్మట యజమాని ముందు మూడు దారులుంటాయి. ఉన్న పంపునే కొత్త ఎలిమెంట్లు, డెలివరీ వాల్వులు, బేరింగులు వేసి బాగుచేయించడం మొదటిది. అదే నంబరు గల కొత్త పంపు కొనడం రెండవది. గుజిరీ అంగడిలో వాడిన పంపు కొనడం మూడవది. ఏ దారి పట్టినా ఈ క్రింది సూత్రాలు మరువరాదు.

మొదటి సూత్రం: పేరుపలకను చదువుట. ప్రతి పంపు మీద చిన్న రేకుపలక ఉంటుంది. దాని మీద ‘పి.ఇ.ఎస్. 6 ఎ 95 డి 410 ఆర్’ అని ఉన్నదనుకొందాం. మొదటి అక్షరం పంపును, రెండవది స్వంత క్యామ్ షాఫ్టు కలదనే సంగతిని, మూడవది అంచుతో ఇంజనుకు బిగించే పద్ధతిని తెలుపుతాయి. ఆరు అనగా సిలిండర్ల సంఖ్య. ‘ఎ’ పంపు పరిమాణపు తరగతి. 95 అనగా ఎలిమెంటు వ్యాసం తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. చివరి ‘ఆర్’ కుడివైపు తిరుగుడును సూచిస్తుంది. నడుమనున్నవి నిర్మాణంలోని మార్పులకు, అమరికకు గుర్తులు. ఈ వరుసలో ఒక్క అక్షరం మారినా అది వేరే పంపే.

రెండవ సూత్రం: వ్యాసం పెంచరాదు. తొమ్మిది మిల్లీమీటర్ల ఎలిమెంటుకు బదులు పది మిల్లీమీటర్లది వేస్తే వ్యాసంలో పెరుగుదల చిన్నదిగా కనిపిస్తుంది. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక అదే ఎత్తు నెట్టుడుకు పోయే డీజిలు నూటికి 23 వంతులు పెరుగుతుంది. ఆ ఇరువది మూడు వంతుల డీజిలుకు గాలి ఎక్కడ నుండి వస్తుంది? పంపును ఇంజను పీల్చగల గాలిని బట్టి ఎన్నుకోవలెను గాని గొలుసుకు కట్టిన బరువును బట్టి కాదు. బరువుకు తగిన మందు క్రింది గేరు. అదీ చాలకపోతే పెద్ద బండి.

మూడవ సూత్రం: గవర్నర్‌ను చూచుట. కొన్ని గవర్నర్లు కనిష్ఠ, గరిష్ఠ వేగాలను మాత్రమే కాపాడి, నడుమ అంతా డ్రైవరు పాదానికి వదలుతాయి. కొన్ని ఏ వేగం వద్దనైనా బరువు మారినప్పుడు తామే డీజిలును సవరించి వేగాన్ని నిలుపుతాయి. ఇంజను నుండి నడిచే క్రేను, వించి గల లాగుడు లారీకి రెండవ రకం ఎంతో అనుకూలం. ట్రాక్టరు నుండి, జనరేటరు నుండి తీసిన పంపు చూపులకు ఒకే విధంగా ఉండవచ్చు. కాని నిమిషానికి 1500 చుట్ల వద్ద నిలకడగా తిరగవలసిన జనరేటరు పంపు గవర్నర్, లారీ స్వభావానికి సరిపడదు. గుజిరీ అంగడి పంపులతో వచ్చే చిక్కులలో ఇది ముఖ్యమైనది.

నాలుగవ సూత్రం: టర్బో గల ఇంజనుకు దాని పంపే వేయవలెను. టర్బో గాలి అందడానికి కొంత కాలం పడుతుంది. ఆ లోపల డీజిలు ఎక్కువ పోకుండ అదుపుచేసే భాగం ఒకటి అట్టి పంపులకు ఉంటుంది. అది లేని పంపు వేస్తే బరువుతో కదలిన ప్రతిసారీ పొగ కమ్ముతుంది. టర్బో లేని ఇంజనుకు టర్బో ఇంజను పంపు వేయడం ఇంకా పెద్ద పొరపాటు.

ఐదవ సూత్రం: వరుస పంపును తీసి రోటరీ పంపు వేయాలనుకొనేవారు దానికి నూనె పోసేదెవరని ఆలోచించవలెను. వరుస పంపులోని క్యామ్ షాఫ్టుకు ఇంజను ఆయిలు కందెనగా ఉంటుంది. రోటరీ పంపులో అన్ని భాగాలకూ డీజిలే కందెన. నీరు, మట్టి, కిరోసిను కలిసిన డీజిలు వరుస పంపును కూడ పాడుచేస్తుంది గాని రోటరీ పంపును త్వరగా పాడుచేస్తుంది.

ఆరవ సూత్రం: బెంచి మీద సరిచూడకుండ ఏ పంపునూ బిగించరాదు, కొత్తదైనా సరే, పాతదైనా సరే. వివిధ వేగాల వద్ద ఆరు ఎలిమెంట్లూ సమానంగా పోస్తున్నవా, మొత్తం పరిమాణం ఇంజను తయారీదారు పట్టికకు సరిపోయినదా అని గాజు కొలపాత్రలలో కొలచి చూస్తారు. ఒక ఎలిమెంటు ఎక్కువ పోస్తే ఆ ఒక్క సిలిండరు పిస్టనే కరుగుతుంది. ఆ తరువాత నిండు బరువు మర మీద సీసపు సీలు వేయించుకోవలెను. ఆ సీలు యజమానికి సంకెల కాదు, కాపు.

ఏడవ సూత్రం: టైమింగు. డీజిలు చిమ్మవలసిన క్షణానికి ముందు చిమ్మితే ఇంజను తట్టుతుంది. ఆలస్యంగా చిమ్మితే తెల్లపొగ, వేడి, బలహీనత. గుర్తులను సరిచూచి బిగించని మంచి పంపు చెడ్డ పంపుతో సమానం.

ఎనిమిదవ సూత్రం: పెద్ద పంపుతో బాటు ఫీడ్ పంపును, ఫిల్టర్లను, రాగి వాషర్లను మార్చి, ట్యాంకును కడిగించవలెను. పాత మట్టిని కొత్త పంపుకు కట్నంగా ఇవ్వరాదు.

కొత్త తరం బండ్లు

పైన చెప్పినది పాత లారీల సంగతి. దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-4, 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 కాలుష్య ప్రమాణాలు అమలులోనికి వచ్చినవి. ఈ ప్రమాణాల లారీలలో అధికభాగం కామన్ రైల్ పద్ధతివి. 1997లో కార్లలో తొలిసారి అమ్మకానికి వచ్చిన ఈ పద్ధతిలో పంపు పని అధిక పీడనాన్ని నిలువచేయడం మాత్రమే. ఎప్పుడు, ఎంత చిమ్మవలెనో కంప్యూటరు నిర్ణయిస్తుంది. పీడనం పాత పంపుల కన్నా ఎన్నో రెట్లు, వేయి అయిదువందల వాతావరణ పీడనాలకు పైమాటే. ఇంజను నడుస్తుండగా పైపు మరను సడలించి గాలి తీయడమనే పాత అలవాటు ఇక్కడ ప్రాణాంతకం.

ఇట్టి పంపు లోపల అరిగి ఇనుపరజను విడిచినట్లయితే పంపు ఒక్కటి మార్చి ప్రయోజనం లేదు. ఆ రజను రైలులో, ఇంజెక్టర్లలో, తిరుగు గొట్టంలో, ట్యాంకులో చేరి ఉంటుంది. అన్నింటినీ శుభ్రపరచకుండ కొత్త పంపు బిగిస్తే కొద్దికాలంలోనే అదీ పాత దాని దారి పడుతుంది.

డీజిలు కూడ మారినది. బి.ఎస్.-4 డీజిలులో గంధకం పది లక్షల వంతులలో 50 వంతులకు మించరాదు. బి.ఎస్.-6లో అది 10 వంతులే. గంధకాన్ని తొలగించే ప్రక్రియలో డీజిలుకు సహజంగా ఉన్న జారుడు గుణం కూడ తగ్గుతుంది. అందుకే శుద్ధి కర్మాగారాలలో ఆ గుణాన్నిచ్చే పదార్థాలను తగు మోతాదులో కలుపుతారు. అట్టి డీజిలులో కిరోసిను కలిపితే ఆ కాస్త కందెన కూడ పలుచబడి పంపు ఎండుగొంతుతో తిరుగుతుంది. లీటరుకు మిగిలిన నాలుగు రూపాయలు పంపు వెలలో వడ్డీతో సహా తిరిగి చెల్లించవలసి వస్తుంది.

ముగింపు

ఇక మా పూర్వ విద్యార్థి లారీ సంగతి. విచారణ ట్యాంకు నుండి మొదలైనది. పీల్పు గొట్టం చివర రాగి వాషరు ఒకటి అరిగి ఉన్నది. ఫిల్టరు సగం మూసుకొని ఉన్నది. మీటరు సూది ఎత్తు మీద పడిపోయినది. వాషరు, ఫిల్టరు, ఫీడ్ పంపు మార్చగా బండికి పోయిన బలంలో అధికభాగం తిరిగి వచ్చినది. అయినను మధ్యాహ్నపు సొలపు పూర్తిగా పోలేదు. అప్పుడు పెద్ద పంపును బెంచి మీదికి ఎక్కించారు. ఆరింటిలో మూడు ఎలిమెంట్లు అరిగినవి. ఆరూ అదే వ్యాసంలో కొత్తవి వేయించి, పట్టిక ప్రకారం కొలిపించి, సీలు వేయించారు. పెద్ద పంపు వేయలేదు. గుజిరీ అంగడికీ పోలేదు.

ఒక విషయం మాత్రం మమ్ములను ఆలోచింపజేసినది. మొదటి వేసవిలో సీలు తెంచిన నాడే ఎవరైనా ఒక మీటరు తగిలించి చూచి ఉంటే ఏమయ్యేది? ఆనాడు కూడ నేరం ఆ వాషరుదో, ఫిల్టరుదో అయి ఉండవచ్చు. అదే నిజమైతే, చిల్లర డబ్బుల వాషరు కొరకు ఒక పిస్టన్ కరిగినది. ఒక ఇల్లాలి మెడలోని బంగారం తాకట్టుకు పోయినది. చీకటిలో ఒక కుర్రవాడు రెండు బండ్ల చక్రాల నడుమ రాళ్లు పట్టుకొని దూరవలసి వచ్చినది. ఎత్తు మీద లాగుడు లారీ ఇంజను ఆగుట సామాన్య విషయం కాదు. ఇంజను ఆగితే బ్రేకులకు గాలి నింపే కంప్రెసరూ ఆగుతుంది. వెనుక కట్టిన పాడైన బండికి అసలే ఆ గాలి ఉండదు.

ఉర్దూ భాషలో పాఠం చెప్పే గురువునూ ఉస్తాదే అంటారు, పానా పట్టిన మేస్త్రీనీ ఉస్తాదే అంటారు. ఈ పరిశీలనలో ఆ మాటలోని ఔచిత్యం మాకు బోధపడినది. తరగతిలో మనం పీడనం, స్నిగ్ధత, వైశాల్యం అని చెప్పుకొనేవాటినే వారు చేతివ్రేళ్లతో ఎరుగుదురు. మన విద్యార్థులలో ఎందరి అన్నదమ్ములో ఆదోని, ఎమ్మిగనూరు వర్క్‌షాపులలో పనిచేస్తున్నారు. వారి అనుభవానికి మన లెక్క తోడైతే, సీలు తెంచడానికి ముందు మీటరు తగిలించే అలవాటు ఏర్పడుతుంది. చదువుకొన్నవారు ఆ మీటరును వారి చేతికి అందించగలిగితే, వారు తమ అనుభవాన్ని మనకు అందిస్తారు. ఈ ఇచ్చిపుచ్చుకొనుట మన ఊళ్లలో సాగవలెనని మా కోరిక.